నలభై రెండో పేజీ

ఈ పక్కకొచ్చి కూర్చో బాబూ, ఎడమవైపుకి.
నా కుడిచెవి పుట్టుకతోనే మూసిన తలుపు.
ఎడమది ఓరవాకిలి.

యుద్ధం సైన్సుని పరిగెత్తించిందా
కాళ్లు విరగ్గొట్టిందా అని కదా అడిగావు.
రాడార్ అన్నావు, జెట్ ఇంజన్ అన్నావు.
అంత గొప్పవి మా ఊరికి రాలేదు.
మా దాకా వచ్చినవన్నీ
పడేవే గానీ పనికొచ్చేవి కావు.

నాకు తెలిసింది ఈ ద్రినా నది,
మా నాన్న హైరుదిన్.
వాషింగ్ మెషీన్లు బాగుచేసేవాడు.
ముట్టడి మొదటి చలికాలం
కరెంటు పోయిన అరవయ్యో రోజున
క్యాబేజీ ఊరగాయ పెట్టుకునే నీలం పీపాలు
నాలుగు తాళ్లతో కట్టి
(ఖాళీ చేసే పని లేదు, ఖాళీగానే ఉన్నాయి)
మధ్యలో తెడ్ల చక్రం నిలిపి
కాలిపోయిన బస్సు ఆల్టర్నేటర్ బిగించి
వంతెన కింద నీళ్లలోకి వదిలాడు.
పదకొండు రోజుల పని.

బల్బు వెలిగినప్పుడు
అమ్మ బల్బు వైపు చూడలేదు.
మా మొహాలు చూసింది.
"ఇంత చిక్కిపోయారా" అంది.

వసంతానికల్లా వంతెన కింద నలభై చక్రాలు.
పక్కవీధి ఇబ్రో రోడ్డు బోర్డులు కోసి తెడ్లు చేశాడు.
సారాయెవోకి ఎన్ని కిలోమీటర్లో చెప్పే బాణం
రాత్రంతా నీళ్లలో మునుగుతూ లేస్తూ
మా వంటింట్లో రేడియో మోగించేది.

రాసుకో, పదకొండు రోజులు.
మామూలు రోజుల్లో అయితే నాన్న
కాఫీ తాగుతూ ఆ ఆలోచన చేసి
కప్పు కడిగేలోగా మర్చిపోయేవాడు.
దీన్ని నీ మొదటి గడిలో వేసుకో.

ఇప్పుడు ఈ నోట్‌బుక్ చూడు.
ముట్టుకో, ఫరవాలేదు.
మా అన్న రెఫిక్‌ది. ఎలక్ట్రానిక్స్ చదివేవాడు.
సంతలో నలుగురు ఒక్కసారే మాట్లాడితే
మాటలన్నీ నాకు వరదనీళ్లయ్యేవి.
ఆ బురదలోంచి ఒక్క గొంతుని
వడగట్టి ఇచ్చే యంత్రం,
అగ్గిపెట్టెంతది,
నలభై ఒక్క పేజీలు గీశాడు.
నలభై రెండో పేజీలో తేదీ ఉంది.
కింద ఒకే వాక్యం:
"రేపు సఫియాతో పరీక్షించాలి."

సఫియా నేనే.

వైర్లు తెలిసినవాడు కదా,
వైర్‌లెస్ సెట్టిచ్చి కొండ మీదికి పంపారు.
తెలివైనవాణ్ణి యుద్ధం
అందరికంటే ముందే గుర్తుపడుతుంది.
గద్ద కోడిపిల్లని గుర్తుపట్టినట్టు.

ఇదిగో, నా చెవిలో ఉన్నది చూశావా.
ఏదో కంపెనీ తయారుచేసింది,
వాడు పోయిన పందొమ్మిదేళ్లకి.
ఒక్క గొంతుని వడగడుతుంది.
వాడుంటే ముందే వచ్చేదా?
ఏమో.
వాడి లెక్క తప్పేనేమో కూడా.
పదిహేడో పేజీలో పెద్ద కొట్టివేత ఉంది,
పక్కనే తనని తాను గాడిదని రాసుకున్నాడు.
తప్పని తేలడానికైనా
ఒక రేపు ఉండాలి కదా బాబూ.
దాన్ని ఏ గడిలో వేస్తావు?

నాన్నని ఒకసారి నేనూ అడిగాను,
యుద్ధం రాకపోతే ఆ చక్రం చేసేవాడివా అని.
చాలాసేపు మాట్లాడలేదు.
"చేసేవాణ్ణి కాదు.
గోడకి స్విచ్చుండేది.
పక్కగదిలో వాడుండేవాడు" అన్నాడు.

కరెంటు తిరిగొచ్చిన వారానికే
నలభై చక్రాలూ ఒడ్డుకి లాగేశారు.
గుర్తుగా ఒక్కరూ దాచుకోలేదు.
నాన్న తన పీపాలు మూడుసార్లు తోమి
మళ్లీ క్యాబేజీ ఊరబెట్టాడు.
ఆ ఏడు ఊరగాయ
కాస్త గ్రీజు వాసన కొట్టింది.
తిన్నాం.

ఇంకేమైనా అడుగుతావా?
లేకపోతే దీన్ని తీసేస్తాను, బ్యాటరీ దండగ.
తీశాక నువ్వేమన్నా నాకు వినపడదు,
వెళ్లేటప్పుడు చెయ్యి ఊపు చాలు.
నోట్‌బుక్ మెల్లిగా మూయి,
అట్ట ఊడుతోంది.